పండుగ మరునాటి దిబ్బ

ఉగాది మరునాడు లేపాక్షిలో మా వీధిచివరి దిబ్బను చూచినవారికి పండుగ యెట్లు జరిగినదో వేరుగ చెప్పనక్కరలేదు. వాడిన మామిడితోరణములు, వేపరెమ్మలు, చింతపండు పిప్పి. వాని నడుమ ప్లాస్టిక్ సంచులు.

మా తాతగారి నాళ్లలో నీ దిబ్బ యింటికి సిరియే. ఆకులలములు, పేడ, బూడిద యేడాది మాగి వేరుసెనగ చేలకు పోయెడివి. వాన కరవైన యెర్రనేలలో నెరువు తేమను పట్టియుంచును.

120 మైక్రానులకంటె పలుచని సంచులు 2022 డిసెంబరు 31 మొదలు నిషిద్ధములని బడిలో బోధించు మేమే, మొన్నటి పండుగనాడు మిగిలిన చిత్రాన్నమును అట్టి సంచిలో ముడివైచి దిబ్బపై నుంచితిమి. శుచిగా నుండునని తలచితిమి కాబోలు! పొరుగింటి యావు సంచితోగూడ మ్రింగెను. ముడి విప్పుటకు దానికి చేతులు లేవు గదా.

కొన్ని దినములకు అది మేత మానెను, నెమరు నిలిచెను. పశువైద్యుడు కడుపు కోసి తీసిన ముద్దలో నెన్ని యిండ్ల సంచులున్నవో లెక్కింపరాదు. అందు మాది యేదో గుర్తింపలేకపోతిమి. అందుచేత మా తప్పు తగ్గునా? అందులో మాదియు నొకటి కలదని యావుగలామెతో చెప్పితిమి. "ఊరంతా ఏసేదే గదా సారూ" అని యామె యూరకుండెను. మా అమ్మగారు మాత్రము ఊరకుండలేదు: "పిల్లోళ్లకు చెప్పేది మనింటికి పనికిరాదా నాయనా?"

పెరటిలో గుంట తవ్వితిమి. తోరణములు, తొక్కలు అందు వేయుచున్నాము. సంచులను కడిగి, యారవేసి, పంచాయతి బండి కిచ్చుచున్నాము. బండి రాని వారమున నవి వసారాలోనే వ్రేలాడుచుండును. ఆవు బ్రతికినది. పాలు సగమే యిచ్చుచున్నది.