వెట్‌సూట్ ఇచ్చిన వేగం

పదవీ విరమణ తరువాత, 66 ఏళ్ల వయసులో, ఇంగ్లాండులోని విండర్‌మియర్ సరస్సులో ఈదాను. వెట్‌సూట్ తొడిగించినవాడు మా అబ్బాయి. కొలనులో 400 మీటర్లకు నాకు 12 నిమిషాలు పట్టేది. అక్కడ అంతే దూరం 11 నిమిషాల్లో ముగిసిందని వాడి గడియారం చెప్పింది. నిజానికి సరస్సులో ఈతగాడు వెనుకబడాలి. 25 మీటర్లకోసారి కాలితో తన్ని ముందుకు దూసుకుపోవడానికి గోడ లేదు. అడుగున గీత లేదు కనుక తల ఎత్తి దారి చూసుకోవాలి. ఎత్తిన ప్రతిసారీ నడుము కిందికి జారుతుంది. అలల సంగతి సరేసరి.

మరి ఆ నిమిషం ఎలా మిగిలింది? నియోప్రీన్‌లోని సన్నని వాయుబుడగలు శరీరాన్ని తేలుస్తాయి. నా కాళ్లు ఎప్పుడూ మునిగే ఉండేవి. అవి పైకి లేచేసరికి నీటి అడ్డు తగ్గింది. చక్కగా ఈదేవారికి ఈ లాభం తక్కువ, నాబోటివారికి ఎక్కువ. మా అబ్బాయికి పెద్దగా తేడా రాలేదు.

నేను మాత్రం అది నా సత్తువే అనుకున్నాను. మూడోనాడు వెట్‌సూట్ లేకుండా దిగాను. నీరు 15 డిగ్రీలు. ఒక్కసారిగా ఊపిరి ఎగదన్నింది, గుండె దడదడలాడింది, గుక్కెడు నీరు మింగాను. చన్నీటి తాకిడికి కలిగే ఈ స్పందన గురించి విద్యార్థులకు ఎన్నోసార్లు పాఠం చెప్పినవాణ్ణి! ఈత మాని వెల్లకిలా తేలి, ఊపిరి కుదుటపడ్డాక ఒడ్డుకు చేరాను. రక్తపోటు మాత్రలు వాడుతున్న వైద్యుడు చేయవలసిన పని కాదది. ఆ తరువాత రెండు వారాలూ వెట్‌సూట్‌తోనే దిగాను. ఎన్ని నిమిషాలు పట్టిందని మా అబ్బాయిని అడగలేదు.