తెల్లరాతి గట్టు

మా అబ్బాయి ఇల్లు ఫిలింనగర్‌లో. "ఇంకేం, రోజూ సినిమా తారలు కనిపిస్తారు కాబోలు!" అంటారు మా ఊరివాళ్ళు. నాకు కనిపించేవి బండలే. ఫిలింనగరూ, జూబిలీహిల్సూ రాతిగుట్టల మీద వెలిసిన పేటలు. ఆ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలట. ఇంత రాయి కాళ్ళకింద ఉండగా, మా కోడలు వంటింట్లోకి డబ్బిచ్చి మరో రాయి తెప్పించింది.

పాత గట్టు చీమకుర్తి నల్లరాయి. పదిహేనేళ్ళు నా మూకుళ్ళనూ గిన్నెలనూ మారుమాట లేకుండా మోసింది. "వంటిల్లు చీకటిగా ఉంది అత్తయ్యా, తెల్లది వేయిద్దాం" అంది కోడలు. వేయించింది. పేరు క్వార్ట్జ్. పాలమీగడలా ఉంది.

ఇది గనిలోంచి పలకగా వచ్చిన రాయి కాదు. పలుగురాతిని పొడిచేసి, రెజిన్ అనే జిగురుతో కలిపి, గట్టిగా ఒత్తి, వేడిచేసి తయారుచేస్తారు. తూకంలో నూటికి సుమారు 90 పాళ్ళు రాతిపొడే. పద్ధతి ఇటలీలోని బ్రెటన్ సంస్థది. ఇప్పుడు విశాఖ దగ్గరి అచ్యుతాపురంలోనూ చేస్తున్నారు. సెట్టుల్లో అట్టతో కొండలు కట్టే సినిమావాళ్ళ పేటలో, మనిషి చేసిన రాయి వింతేమీ కాదు లెండి.

కోడలు జాగ్రత్తలన్నీ అప్పజెప్పింది. పసుపు పడితే ఆరకముందే తుడిచెయ్యాలి. తడిగుడ్డా, సబ్బునీళ్ళూ చాలు. ఇనుప పీచూ, బ్లీచింగూ, యాసిడ్డూ దరిచేరనివ్వకూడదు. గట్టు మీద కూరలు తరిగితే ముందు మొద్దుబారేది కత్తే కనుక, చెక్క వేసుకోవాలి. వేడి గిన్నె నేరుగా పెట్టకూడదు. అన్నీ విన్నాను. ఆఖరిది మరిచాను.

ఒకనాడు అప్పడాలు వేయించి, అలవాటు చొప్పున నూనె మూకుడు దించి గట్టు మీద పెట్టాను. తీసేసరికి పసుపుపచ్చని వలయం! రాతికి ఆ వేడి లెక్కలేదు. రాతిపొడిని పట్టి ఉంచిన జిగురే ఓర్చుకోలేదు. 150 డిగ్రీలు దాటితే దాని రంగు మారిపోవచ్చట. కాగిన నూనె అంతకు మించిన వేడి.

కోడలు ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మేస్త్రీ వచ్చి, "మచ్చ పోదమ్మా, ఆ ముక్క మార్చాల్సిందే" అన్నాడు. మిగిలిన పలక డాబా మీద ఉంది. వెంట వచ్చిన కుర్రాడికి ఇరవయ్యేళ్ళుంటాయేమో. ముఖానికి చేతిరుమాలు కట్టుకుని కోతమిషను పట్టాడు. నిమిషంలో పిండిమర అబ్బాయిలా తెల్లబడిపోయాడు. దగ్గి, నన్ను చూసి నవ్వాడు.

మా మనవడు చదివి వినిపించిన సంగతి చటుక్కున గుర్తొచ్చింది. 2024 జూలై 1 నుంచి ఆస్ట్రేలియా ఈ రకం పలకల్ని నిషేధించింది. వండుకునేవాళ్ళకు కీడని కాదు, కోసేవాళ్ళ కోసం. సహజమైన గ్రానైటులో కన్నా వీటిలో సిలికా చాలా ఎక్కువ. కంటికి ఆనని ఆ దుమ్ము ఊపిరితిత్తుల లోతుకు చేరి, వాటిని గట్టిపరుస్తుంది. సిలికోసిస్ అంటారు. వస్తే నయమయ్యే జబ్బు కాదు. నీళ్ళు పోస్తూ కోయాలి, దుమ్ము లాగే యంత్రం ఉండాలి, సరైన మాస్కు ఉండాలి. చేతిరుమాలు దేన్ని ఆపుతుంది?

"ఆపు నాయనా!" అని అరిచాను. "నీళ్ళు పోసి కొయ్యరాదటయ్యా?"

"ఆ మిషను షాపులో ఉందమ్మా. తేవాలంటే ఈ పూటంతా పోతుంది" అన్నాడు మేస్త్రీ.

నా కేక విని కోడలు డాబా మీదికి వచ్చింది. సంగతి చెప్పాను. ఆ అబ్బాయి ముఖం వంక ఒక్కక్షణం చూసి, "వద్దు మేస్త్రీగారూ, ఆ మచ్చ అలాగే ఉండనివ్వండి" అంది. ఇద్దరికీ ఆ రోజు కూలి ఇచ్చి, మజ్జిగ కలుపుకొచ్చింది. ఆ గ్లాసు అందిస్తూ, "మా అత్తయ్య అప్పడాలు వేయించిన గుర్తుగా ఉంటుందిలే" అని నవ్వింది. నా గుండె మీది బరువు దిగింది.

ఇప్పుడు ఆ మచ్చ మీద ఒక చెక్కపీట ఉంది. ఏ వేడి గిన్నె దించినా దానిమీదే.

కొత్త గట్టు వేయించుకోబోయే అమ్మల్లారా! అడుగు ఎంత అని ఎలాగూ అడుగుతారు. నీళ్ళు పోసి కోస్తారా అని కూడా అడగండి. జవాబు వచ్చేదాకా బయానా ఇవ్వకండి.