విల్మింగ్టన్‌లో కాగితపు మనుషులు

ఫిలడెల్ఫియా నుంచి నైరుతి దిక్కుగా సుమారు 30 మైళ్ళు ప్రయాణం చేస్తే విల్మింగ్టన్ వస్తుంది. డెలావేర్ రాష్ట్రంలో అదే పెద్ద పట్టణం. రాష్ట్రమన్నాను గదా అని పాఠకులు మరీ పెద్దగా ఊహించుకోనక్కరలేదు. మొత్తం మూడే జిల్లాలు. 2020 జనాభా లెక్కల నాటికి మనుషులు 10 లక్షలకు కొంచెం తక్కువ. అక్కడ పేరు నమోదు చేయించుకొన్న కంపెనీలు మాత్రం 20 లక్షల దాకా ఉన్నాయి. తలకు రెండేసి చొప్పున పంచిపెట్టవచ్చునన్నమాట!

పట్టణం పక్కగా బ్రాండీవైన్ ఏరు రాళ్ళమీద గలగల పారుతూ ఉంటుంది. ఫ్రాన్సునుంచి వలస వచ్చిన డ్యూపాంట్ 1802లో ఈ యేటి ఒడ్డున తుపాకిమందు మిల్లులు పెట్టాడు. ఆ పాత రాతిగోడలను ఇప్పుడు మ్యూజియంగా చేసి చూపిస్తారు. పర్యాటకులు అక్కడికే వెళతారు. మేము చూడవచ్చింది వేరు: ఆరెంజ్ వీధిలో 1209 నంబరు కట్టడం.

కారు ఆపి మా మేనల్లుడు, "ఇదే మామయ్యా!" అన్నాడు. చూద్దును గదా, అట్టే ఎత్తులేని ఇటుక కట్టడం. మన తాలూకా ఆఫీసుపాటి ఆర్భాటం కూడా లేదు. 2012లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసినదాని ప్రకారం ఈ ఒక్క చిరునామాలో 2,85,000 కంపెనీలు కాపురమున్నాయి.

"ఇంతమందీ ఎక్కడ పడుకొంటారోయ్?" అన్నాను.

"ఫైళ్ళల్లో మామయ్యా!" అన్నాడు వాడు నవ్వుతూ.

వాడన్నది నిజమే. డెలావేర్‌లో పుట్టిన కంపెనీకి అక్కడ ఫ్యాక్టరీ అక్కరలేదు, గుమాస్తా అక్కరలేదు. కోర్టు కాగితాలు వస్తే పుచ్చుకోవడానికి ఒక ఏజంటు, ఒక చిరునామా ఉంటే చాలు. ఒకప్పుడు ఈ వైభవం పొరుగున ఉన్న న్యూజెర్సీది. 1913లో అక్కడి గవర్నరు ఉడ్రో విల్సన్, అధ్యక్ష పదవికి వెళ్ళబోతూ, కంపెనీలకు కళ్ళెం వేసే ఏడు చట్టాలు చేయించాడు. కంపెనీలు మూటాముల్లే సర్దుకొని, 1899లోనే తలుపులు బార్లా తెరిచి కూర్చున్న డెలావేర్‌కు తరలి వచ్చాయి.

ఈ మకాం వల్ల లాభమేమిటో ఒక జిరాఫీ కథ చెబితే తెలుస్తుంది. 'టాయ్స్ ఆర్ అస్' అని అమెరికాలో పిల్లల బొమ్మల దుకాణాలుండేవి. వాటి గుర్తు జెఫ్రీ అనే జిరాఫీ. 1984లో యజమానులు ఆ జిరాఫీ పేరనే డెలావేర్‌లో ఒక కంపెనీ పెట్టి, దుకాణం పేరుమీద హక్కును దానికి ధారపోశారు. అప్పటినుంచి దుకాణాలవారు తమ పేరు తాము వాడుకొన్నందుకు అమ్మకాలలో నూటికి ఒక వంతు జిరాఫీకి కట్టేవారు. కట్టినది ఖర్చు కనుక ఆ మేరకు దుకాణం ఉన్నచోట పన్ను తగ్గేది. పేరు, గుర్తు వంటి ఆస్తులను పెట్టుకొని కూర్చున్న కంపెనీ రాబడిమీద డెలావేర్ పన్ను వేయదు. 1990లో పూర్తికాలపు ఉద్యోగి ఒక్కడైనా లేని జిరాఫీ కంపెనీకి 5 కోట్ల 50 లక్షల డాలర్లు వచ్చాయి. ఏ రాష్ట్రానికీ ఆదాయపు పన్ను కట్టలేదు! చివరకు దక్షిణ కరోలినా రాష్ట్రం దావా నడిపి 1993లో గెలిచింది.

మరి డెలావేర్ ప్రజలకు బాధ లేదా? ఆ సాయంత్రమే ఒక దుకాణంలో మేనల్లుడు బూట్లు కొన్నాడు. చీటీమీద ఎంత ధర ఉందో అంతే తీసుకొన్నారు. ఆ రాష్ట్రంలో అమ్మకపు పన్ను లేదు. కంపెనీలు ఏటా కట్టే రుసుములు ఖజానాకు అంత అండ. నష్టపోయేది ఇతర రాష్ట్రాల బడులూ రోడ్లూను. ఇక్కడివారికి కంపెనీలమీద కోపం రమ్మంటే ఎందుకొస్తుంది?

ఇంతకూ ఈ జిరాఫీ ఆసామీ ఎలా అయింది? రక్తమాంసాలు లేనివారిని చట్టం వ్యక్తిగా చూడటం మనకు కొత్త కాదు. మన గుళ్ళలో దేవుడి పేర మాన్యాలుంటాయి, దావాలు నడుస్తాయి. అమెరికాలో ఈ మాటకు బలం వచ్చింది ఒక పన్ను తగాదాలోనే. కాలిఫోర్నియాలోని శాంతాక్లారా జిల్లా, సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ పన్ను విషయమై సుప్రీంకోర్టుకెక్కాయి. బానిసత్వంనుంచి విముక్తులైన నీగ్రోల రక్షణకని 1868లో చేసిన 14వ రాజ్యాంగ సవరణ తమకూ వర్తిస్తుందని కంపెనీ వాదన. 1886లో ప్రధాన న్యాయమూర్తి వెయిట్, అది వర్తిస్తుందనే తామంతా అనుకొంటున్నామని, వాదన మొదలుకాకముందే అన్నాడు. తీర్పు పాఠంలో ఆ మాట లేదు. తీర్పులు అచ్చువేయించే ఉద్యోగి దానిని శీర్షాన చేర్చాడు. తరువాతివారు దానినే ప్రమాణం చేసుకొన్నారు.

అక్కడినుంచి 2010కి వస్తే, సిటిజన్స్ యునైటెడ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు. అభ్యర్థి చేతికి డబ్బివ్వకుండా కంపెనీ తనంత తాను ఎన్నికల ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టినా అడ్డు చెప్పరాదని తేల్చారు. మన దేవుడికి మాన్యాలున్నాయి గాని, ఆయన ఎన్నికల ప్రచారానికి పైకం తీయడు.

విల్మింగ్టన్ దగ్గరే న్యూఆర్క్ అనే విశ్వవిద్యాలయపు ఊరుంది. 2018లో అక్కడ ఒక విషయంమీద ప్రజల ఓటు కోరారు. ఆస్తులున్న కంపెనీలకూ ఓటుండటం వల్ల, ఇళ్ళ వ్యవహారాలు చూసే ఒకే వ్యక్తి 31 కంపెనీల తరఫున 31 ఓట్లు వేశాడు. తరువాత ఊరివారు ఆ నిబంధన తీసివేశారు. 1939లో నైలాన్ కర్మాగారం వెలసిన సీఫర్డ్ పట్టణం మాత్రం 2023లో కంపెనీలకు ఓటు కావాలని అడిగింది. రాష్ట్రపు దిగువ సభ సరేనన్నది. ఎగువ సభ దానిని చేపట్టకుండానే ఆ సంవత్సరపు సమావేశాలు ముగించుకొంది.

మన ఊళ్ళో ఓటు వేసినవాడి వేలిమీద సిరాచుక్క పెడతారు, మళ్ళీ వస్తే పట్టుకోవచ్చునని. కాగితపు మనిషికి వేలెక్కడిది?