రివిజన్ అంటే అందరికీ ఒకే పేపరా?

పోస్ట్ కొంచెం పెద్దగుంది, ఓపికతోని చదువుండ్రి.

పోయిన సంక్రాంతి సెలవుల్ల మేం కొందరం డిగ్రీ, బీఎడ్ చదివేటోళ్లం కలిసి పదో తరగతి పిల్లలకు సైన్స్ రివిజన్ పెట్టినం. గద్వాల తండాల నుంచి, వనపర్తి నుంచి, ఇటు నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు నుంచి వచ్చిండ్రు. లంబాడోళ్లు, చెంచోళ్లు, ఎరుకలోళ్లు అంతా కలిపి ముప్పై మంది దాకా.

మొదటి రెండు రోజులు మాకు మా సార్లు చేసిందే మేమూ చేసినం. బోర్డు మీద ఇంపార్టెంట్ ప్రశ్నలు, అందరూ రాసుకోవాలె, సాయంత్రం స్లిప్ టెస్ట్. వచ్చినోళ్లు ఆవులించిండ్రు, రానోళ్లు పక్కోళ్లది చూసి రాసిండ్రు. మేం మాత్రం మస్తు చెప్పినమని సంబరపడ్డం!

మూడో రాత్రి ఆ పేపర్లు ముందటేసుకొని కూసున్నం. మార్కులు పక్కన పెట్టి, ఎవరు ఎక్కడ ఆగిపోయిండ్రో చూసినం. ఓమ్ నియమం అక్షరం పొల్లు పోకుండ రాసిన పిల్లగాడు, 12 వోల్టులు, 4 ఓములు ఇస్తే కరెంటు 3 ఆంపియర్లని చెప్పలేకపోయిండు. ఇంకొకడు నోటితోని అంతా చెప్తడు, రాయమంటే రెండు లైన్లు. ఇంట్ల గోర్ బోలి మాట్లాడి, బడిల పుస్తకం తెలుగు రాయాలంటే ఎట్లుంటదో మనకు ఒకరు చెప్పాల్నా?

గద్వాల దిక్కు చెల్లె ఒకామె పరాగ సంపర్కం ప్రశ్నకు తెల్ల కాగితం ఇచ్చింది. ఎందుకమ్మా అంటే, "ఆ పాఠం అయినప్పుడు నేను బడికి రాలే అక్కా, క్రాసింగ్‌కు పోయిన" అన్నది.

గద్వాలోళ్లకు ఎరుకే. మిగతోళ్లకు చెప్తున్నం: అక్కడ సీడ్ పత్తి వేస్తరు. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలకు రేకులు, కేసరాలు గిల్లేస్తరు. తెల్లారి మగ చెట్ల పువ్వు తెచ్చి కీలాగ్రానికి రుద్దుతరు. వానాకాలంల ఆ పనికి చిన్న చేతులు కావాలంటరు. సాయంత్రమే ఎందుకు గిల్లాలని ఆమెను అడిగినం. "తెల్లారితే పువ్వు ఇచ్చుకుంటది, దాని పొడి దానికే అంటుకుంటది కదా." ఆత్మపరాగ సంపర్కం కాకుండ ఆపుడంటే అదే. బటానీ మొక్కల మీద మెండల్ చేసింది కూడా ఈ పనే, 1866ల అచ్చేసిండు. తెల్ల కాగితం ఇచ్చిన పిల్లకు పాఠం మాకంటే బాగ తెలుసు. పుస్తకంల పేర్లే తెల్వవు.

తెల్లారి మూడు చాపలు పరిచి, ఇష్టమున్న కాడ కూసోమన్నం. అది మా తప్పే. దోస్తు యెంట దోస్తు పోయిండు, చెంచు పిల్లలంతా ఎనుక చాప మీద ఒదిగిండ్రు, ఎవడో దానికి 'మొద్దుల చాప' అని పేరు పెట్టిండు. పొద్దుగూకక ముందే తీసేసినం. తర్వాత పనిని బట్టి పెట్టినం: బొమ్మలు గీసేది, లెక్కలు చేసేది, నోటితోని చెప్పేది. ఒక్కొక్కరికి వాళ్ల తప్పులు రెండు రాసిన చీటి ఇచ్చినం. ఒకటి చీటీల నుంచి తప్పక చేయాలె, ఇంకొకటి వాళ్ల ఇష్టం. చెప్పినా గీసినా, చివరికి కాగితం మీద పెట్టాలె.

మాలోనే ఒకన్న అడ్డం తిరిగిండు: "పబ్లిక్ పరీక్షల చాప ఎంచుకోనిస్తరా?" మాట నిజమే. ఫిజికల్ సైన్స్‌కు 40, బయాలజీకి 40 మార్కులు, గంటన్నర చొప్పున టైం. అందుకే చివరి రెండు రోజులు గడియారం పెట్టి అందరితోని పూర్తి పేపర్ రాయించినం. దాంట్ల రాజీ లేదు.

ఆ చెల్లె నోటితోని చెప్పే చాప పట్టింది. హైబ్రిడ్ విత్తనం మొదటి తరంది, దాని గింజలు దాచి మళ్లీ వేస్తే లక్షణాలు చెదిరిపోతయని మేం చెప్పినం. "గందుకేనా మా నాయిన ఏటేటా ప్యాకెట్ కొనేది?" అన్నది. తర్వాత బటానీ బదులు పత్తి పెట్టి పాఠమంతా ఆమెనే చెప్పింది. అర పేజీ రాసింది. కీలాగ్రం మూడు తీర్ల రాసింది, మూడూ తప్పే.

పోయేటప్పుడు, "క్రాసింగ్‌కు పోయినట్టు మా సార్‌కు చెప్పకుండ్రి అక్కా" అన్నది. మాలో ఇద్దరం చిన్నప్పుడు ఆ సాళ్లలోనే తిరిగినోళ్లం. ఆమెకు మేం జవాబు ఇయ్యలేదు.

గద్వాల దిక్కు మనోళ్లు ఎవరన్నా ఉంటే, క్రాసింగ్ నెలల్ల మీ బడిల ఏ ఏ పాఠాలు అయితయో కింద రాయుండ్రి. వచ్చే సెలవుల్ల అక్కడి నుంచే మొదలు పెడతం.