ఒక్క రాత్రిలో పుట్టిన సంగీతం

కళాకారుణ్ణి పొగడటంలో ఒక పద్ధతి, అతని శ్రమను మాయం చెయ్యటం. "ఏ తయారీ లేకుండా వాయించేశాడు", "ఆశువుగా వచ్చేసింది", "అది అతని రక్తంలోనే ఉంది" అంటారు. ఇవి మెచ్చుకోళ్ళలాగే వినిపిస్తాయి. కాని కాస్త కదిపి చూస్తే వీటి అడుగున వేరే సంగతి ఉంటుంది. లూయీ మాల్ తీసిన "లిఫ్ట్ టు ది స్కాఫోల్డ్" అనే ఫ్రెంచి చిత్రానికి మైల్స్ డేవిస్ సంగీతం రికార్డు చేసిన ఉదంతం నన్ను చాలాకాలంగా వెంటాడటానికి కారణం ఇదే.

ఆ ఉదంతాన్ని సాధారణంగా ఇలా చెబుతారు. 1957 డిసెంబరు 4 రాత్రి పారిస్‌లో పోస్త్ పారిజియెన్ స్టూడియోలో అయిదుగురు వాద్యగాళ్ళు చేరారు. ఎదుట తెర మీద సినిమాలోని దృశ్యాలు మళ్ళీ మళ్ళీ వేశారు. ప్రతి స్వరమూ రాసిపెట్టిన కాగితాలేవీ వాళ్ళ ముందు లేవు. బొమ్మ చూస్తూ వాయించారు. తెల్లవారేసరికి సంగీతం సిద్ధమయింది. ఇందులో అబద్ధం లేదు. చిక్కంతా చెప్పకుండా వదిలేసిన దానితోనే వచ్చింది.

వదిలేసినది చాలా ఉంది. మాల్ డేవిస్‌కు సినిమా ముందే వేసి చూపించాడు. డేవిస్ తన హోటలు గదిలోకి పియానో తెప్పించుకుని, ఏ దృశ్యానికి ఏ స్వరగుచ్ఛాలు ఆధారం కావాలో ఆలోచించి పెట్టుకున్నాడు. స్టూడియోలో అతని పక్కన కూర్చున్న నలుగురూ ఎవరో దారిన పోయేవాళ్ళు కారు. టెనర్ సాక్సఫోన్ వాయించిన బార్నీ విలెన్, పియానో వాయించిన రెనే ఉర్ట్రెజె, బాస్ వాయించిన పియెర్ మిషెలో, డ్రమ్స్ వాయించిన కెన్నీ క్లార్క్ - అందరూ నవంబరు 30న ఒలింపియా కచేరీలోనూ, పారిస్ క్లబ్బులోనూ అతనితో కలిసి వాయించినవాళ్ళే. ఒకరి ఊపిరి ఒకరికి తెలిసిన దళం అది. విలెన్‌కు అప్పటికి 20 ఏళ్ళు. క్లార్క్‌కు 43. 1940లలో హార్లెంలో జాజ్ తాళగతినే మార్చిన కొద్దిమందిలో అతను ఒకడు. అంటే ఆ ఒక్క రాత్రి వెనక కొన్ని వారాల సహవాసమూ, కొన్ని సంవత్సరాల సాధనా ఉన్నాయి.

1988లో ఆ రాత్రి టేపులు పూర్తిగా వెలువడ్డాయి. మొదటి రికార్డు కోసం చేర్చిన ప్రతిధ్వని వీటిలో లేదు. వాయించినది వాయించినట్టే వినిపిస్తుంది. నాకు జాజ్ శాస్త్రం రాదు. అయినా పెన్సిలు పట్టుకుని కూర్చుని వీటిని వరసగా విన్నాను. షాంజెలీజె వీధిలో రాత్రి నడకకు నాలుగు ప్రయత్నాలున్నాయి. హత్యకు మూడు, ముగింపుకు మూడు. రికార్డు ఆరంభంలో పేర్ల భాగంగా ప్రసిద్ధమైన సంగీతం నిజానికి రాత్రి నడక కోసం చేసిన మూడో ప్రయత్నం. హత్య కోసం వాయించిన మొదటి ప్రయత్నం కాపలావాడు వచ్చే భాగంగా మారింది. వాయించారు, విన్నారు, కాదనుకున్నారు, మళ్ళీ వాయించారు, ఏది ఎక్కడ పొసుగుతుందో నిర్ణయించారు. దీన్ని మెరుపు అనటం కంటే పని అనటమే న్యాయం.

మరి "రక్తంలో ఉంది" అన్న మాట ఎందుకు వస్తుంది? పియానో నేర్చుకున్న యూరపువాణ్ణి గురించి ఎవరూ అలా అనరు. అతనికి గురువులుంటారు, సంప్రదాయం ఉంటుంది, మేధస్సు ఉంటుంది. నల్లవాడికి మాత్రం రక్తం ఉంటుంది! డేవిస్ తండ్రి దంతవైద్యుడు. డేవిస్ 1944లో న్యూయార్కు వెళ్ళి జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చేరాడు. రాత్రిళ్ళు క్లబ్బుల్లో పార్కర్, గిలెస్పీల దగ్గర మరో చదువు చదివాడు. ఇంత చదువును "సహజసిద్ధం" అనే ఒక్కమాటతో కొట్టివేయటం పొగడ్త వేషంలో ఉన్న జాతి అహంకారమే.

ఈ మాట నాకు కొత్తది కాదు. నా చిన్నతనంలో మా ఊళ్ళో ఒక నాదస్వర విద్వాంసుడు చీకటితోనే చెరువుగట్టుకు పోయి సాధన చేసేవాడు. చలికాలంలో కూడా మానేవాడు కాదు. పెళ్ళిపందిట్లో అతను రాగాలాపన చేస్తే పెద్దలు తల ఊపి, "కులవిద్య గదా, పుట్టుకతోనే వస్తుంది" అనేవాళ్ళు. ఆ తరువాత అతనికి అన్నం పందిరి బయట పెట్టేవాళ్ళు. పుట్టుకతో వచ్చిన దానికి ప్రత్యేకంగా గౌరవించవలసినదేముంది? కూలి ఎక్కువ ఇవ్వవలసినదేముంది? సాధనను లెక్కలో నుంచి తీసేస్తే బేరం సులువవుతుంది. చెరువుగట్టు మీది చలి మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

మనవాళ్ళలో దీనికి వ్యతిరేకమైన తప్పు ఒకటి ఉంది. గోర్కీ 1928లో జాజ్‌ను లావుపాటివాళ్ళ సంగీతమని ఈసడించాడు. క్షీణసంస్కృతి అనే ముద్ర ఇప్పటికీ అక్కడక్కడ వినపడుతుంది. అలా అనేవారు ఈ చిత్రాన్ని చూడాలి. ఇందులో చంపబడే కారాలా యుద్ధాల మీద బలిసిన వ్యాపారి. చంపే జూలియెన్ ఇండోచైనా, అల్జీరియా యుద్ధాల నుంచి తిరిగి వచ్చిన పారాచూట్ సైనికుడు. కాపలావాడు కరెంటు ఆపటంతో అతను లిఫ్టులో చిక్కుకుంటాడు. అతనికోసం కారాలా భార్య ఫ్లోరెన్స్ రాత్రంతా వీధులు తిరుగుతుంది. జాన్ మోరో ముఖం మీద దుకాణాల దీపాలు తప్ప వేరే వెలుగు లేకుండా ఛాయాగ్రాహకుడు దకాయ్ ఆ నడకను తీశాడు. ఆ సమయంలో ట్రంపెట్ ఆమెను చూసి ఏడవమని మనకు చెప్పదు. ఆమె నేరాన్ని సమర్థించదు. పరుల చావు మీద కట్టుకున్న సుఖం ఎంత ఒంటరిదో వినిపిస్తుంది, అంతే. చిత్రం మొత్తంలో సంగీతం సుమారు 18 నిమిషాలకు మించదు. మిగతా చోట్ల మౌనాన్ని మౌనంగానే ఉండనిచ్చారు. మన చిత్రాల్లో వయొలిన్ల వర్షానికి అలవాటుపడిన నా చెవులకు ఆ మౌనం కూడా సంగీతంలో భాగమని తెలియటానికి రెండోసారి చూడవలసివచ్చింది.

పారిస్ స్వర్గమని నేననటం లేదు. క్లార్క్ 1956లో అమెరికా వదిలి అక్కడ స్థిరపడ్డాడు. 1959 ఆగస్టులో న్యూయార్కులో, తాను వాయిస్తున్న బర్డ్‌లాండ్ క్లబ్బు గుమ్మం బయటే, డేవిస్‌ను పోలీసులు నెత్తురు కారేట్టు కొట్టారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పారిస్‌ను మెచ్చుకోవటం తేలికే. కాని నల్ల అమెరికన్ వాద్యగాళ్ళకు చప్పట్లు కొట్టిన ఆ నగరంలోనే 1961 అక్టోబరు 17న ఊరేగింపు తీసిన అల్జీరియన్లను పోలీసులు చంపి సేన్ నదిలో పడేశారు. దూరపు బాధితుణ్ణి ప్రేమించటం సులభం. తన కాలికింద నలిగేవాణ్ణి చూడటం కష్టం. ఇది ఒక్క ఫ్రాన్సుకే చెందిన జబ్బు కాదు.

విద్యార్థులతో ఈ చిత్రం గురించి మాట్లాడినప్పుడల్లా "మరి ఆశుత్వం లేదంటారా?" అని అడుగుతారు. ఎందుకు లేదు? మన మనోధర్మ సంగీతంలో ఉన్నట్టే ఉంది. రాగం తెలియనివాడికి మనోధర్మం లేదు. పక్కవాద్యం వినలేనివాడికి అసలే లేదు. క్షణంలో పుట్టిన స్వరానికి ఆ క్షణం తల్లి కాదు, మంత్రసాని మాత్రమే. ఆ రాత్రి డేవిస్ ఊదిన పొడుగాటి స్వరం నిలబడింది మిషెలో బాస్ తీగ మీదా, క్లార్క్ బ్రష్షుల మీదా. లోకం ఒక్క పేరే గుర్తుపెట్టుకుంది. అయిదు పేర్లూ గుర్తుపెట్టుకోవటం డేవిస్ గొప్పతనాన్ని తగ్గించదు. అది దేనితో తయారయిందో చెబుతుంది. కళను ప్రేమించేవాళ్ళు దాని పుట్టుకను అద్భుతాల ఖాతాలో వెయ్యకూడదు. అక్కడ వేసిందానికి కూలి అడిగేవాడుండడు.