ఆక్స్‌ఫర్డు తోటలో నొక బెంచీ

ఇంగ్లండు దేశమునకు బోయివచ్చినవారు లండను సౌధములనుగూర్చియు, రాజుల కోటలనుగూర్చియు వ్రాయుట పరిపాటి. మేము ఒక తోటలోని కొయ్యబెంచీనిగూర్చి వ్రాయదలచితిమి. ఒక కథలోని బాలికయు బాలుడును దానిపై కూర్చుండిరని చదివినవారు దేశదేశములనుండి వచ్చి, దాని పలకలపై ఆ యిద్దరి పేర్లను చెక్కిపోవుచున్నారు. ఒక్క కథనుగూర్చి చదువరులకు ఎంతటి యభిమానముండునో, వారి యభిప్రాయములలో ఎంతటి భేదముండునో ఆ బెంచీకడ మాకు తెలియవచ్చినది.

మావారు ఉన్నత పాఠశాలయందు తెలుగు ఉపాధ్యాయులు. 2024 మే మాసమున, వేసవి సెలవులలో, ఆక్స్‌ఫర్డు చేరువ నివసించు మా ఆడపడుచు రమ్మని పలుమారు కోరగా, పదుమూడేండ్ల మా యమ్మాయిని వెంటబెట్టుకొని హైదరాబాదులో విమానమెక్కితిమి. లండను విమానాశ్రయమునుండి ఆ యూరికి బస్సులో గంటన్నర ప్రయాణము. థేమ్సు, చెర్వెల్ అను రెండు నదులు ఆ యూరికడ కలియుచున్నవి. ముప్పదికి పైబడిన కళాశాలలు, తేనెరంగు రాతి గోడలు, గోపురముల గంటలు, సైకిళ్ళపై పరుగులెత్తు విద్యార్థులు. 1602లో తెరచిన బోడ్లియన్ గ్రంథాలయమును చూచినపుడు మావారు చెప్పులు విడువబోయిరి. అచ్చట ఆ యాచారము లేదని మా ఆడపడుచు నవ్వుచు వారించినది.

మా యమ్మాయి ఆ యూరు చూడగోరుటకు కారణము వేరు. 'హిజ్ డార్క్ మెటీరియల్స్' అను మూడు సంపుటముల కథను రచించిన ఫిలిప్ పుల్‌మన్‌ది ఆ యూరే. ఆయన 1946లో జన్మించి, అచ్చటి ఎక్సెటర్ కళాశాలలో చదివి, ఆ యూరి బడులలోనే పెక్కేండ్లు ఉపాధ్యాయుడుగ నుండెను. గ్రీకు పురాణగాథలను పుస్తకము చూడక పిల్లలకు నోటితో చెప్పుచు కథ చెప్పు నేర్పు నలవరచుకొనెనట. ఈ సంగతి విన్నది మొదలు మావారికి ఆయనయెడ స్వజనాభిమానము గలిగినది. మొదటి సంపుటము 'నార్తరన్ లైట్స్' 1995లోను, రెండవది 'ది సటిల్ నైఫ్' 1997లోను, మూడవది 'ది ఆంబర్ స్పైగ్లాస్' 2000లోను వెలువడినవి.

కథలోని వింత యిది. లైరా యను బాలిక నివసించు లోకములో ప్రతి మనుష్యుని యాత్మయు ఒక జంతురూపమున వెలుపల తిరుగుచుండును. దానిని 'డీమన్' అందురు. పసితనమున అది క్షణమునకొక రూపము దాల్చును. యౌవనము రాగానే ఒక్క రూపమున స్థిరపడును. మనిషికిని దానికిని ఎడము పెరిగిన యెడల ఇరువురికిని ప్రాణాంతకమైన బాధ. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో దాగియుండుట మన పిల్లలెరుగుదురు. ఫకీరు భయముచే ప్రాణమును దూరముగ దాచుకొనెను. లైరా తన ప్రాణమును భుజముపై నెక్కించుకొని దానితో జగడములాడును. ఈ భేదమును మాకు జూపినది మా యమ్మాయియే.

ఇంత ముచ్చటైన కథకు మా యింట నొక చిక్కు వచ్చినది. ఈ గ్రంథములలో లైరా లోకపు మతాధికారులు క్రూరులు. మూడవ సంపుటములో 'అథారిటీ' యని పిలువబడు వృద్ధ దేవత గాలిలో కలిసి నశించును. 2007లో మొదటి సంపుటము చలనచిత్రముగ వచ్చినపుడు అమెరికాలోని కాథలిక్ లీగ్ అను సంస్థ దానిని చూడవలదని ప్రచారము చేసినది. ఈ మాట ఎటులో మా మామగారి చెవిని బడినది. "దేవుడు చచ్చు పుస్తకమట! అది ఆడపిల్ల చేతికేల?" అనిరి. అమ్మాయి అప్పటికి రెండు సంపుటములు ముగించినది. మూడవదానిని ముందుగ మేము చదివి, తగునని తోచిననే దాని చేతికిత్తుమని మామగారికి మాట యిచ్చి, ఆ పుస్తకమును మా పెట్టెలో నుంచి తాళము వేసితిమి. అందుచే ఈ యాత్ర మాకు పరీక్షాయాత్ర గూడ నైనది. పగలు ఊరు చూచుట. రాత్రి ఆడపడుచు వంటయింటి దీపము క్రింద పుస్తకము చదువుట.

మొదట టర్ల్ వీథిలోని ఎక్సెటర్ కళాశాలకు బోతిమి. అది 1314లో స్థాపితము. లైరా పెరిగిన 'జోర్డన్ కళాశాల'ను గ్రంథకర్త తన కథాలోకమున ఈ చోటనే నిలిపెను. మా యమ్మాయి తల పైకెత్తి కప్పులనే చూచుచుండెను. లైరా కప్పులమీద తిరిగెడిదట! పిమ్మట బ్రాడ్ వీథిలో 1879లో వెలసిన బ్లాక్‌వెల్ పుస్తకశాలకు బోతిమి. అచ్చట పుస్తకములు సర్దు పడుచువాడొకడు, అడిగినదే తడవుగ, "మొదటిది వజ్రము. మూడవదానిలో దేవతలు, చక్రములపై నడచు జంతువులు, గూఢచారులు అందరును వచ్చి క్రిక్కిరిసినారు" అనెను. ప్రక్కనున్న యొక వనిత ఆ మాట కొప్పుకొనక, మూడవది లేక మొదటి రెండును తలుపులేని గడపలనెను. వా రిరువురును మమ్ము మరచి వాదులాడుకొనుచుండ మేము మెల్లగ వెడలివచ్చితిమి.

పాఠకుల యాదరమునకు కొలతలును గలవు. 2003లో బి.బి.సి. వారు ఆ దేశపు ప్రజలను మిక్కిలి ప్రియమైన నవల ఏదని యడుగగా, ఈ మూడు సంపుటముల కథ మూడవ స్థానము నందినది. పిల్లల పుస్తకముల కిచ్చు కార్నెగీ పతకము నెలకొల్పి డెబ్బదేండ్లు నిండిన 2007లో, అంతవరకు దానిని పొందినవానిలో మేలైనదిగ చదువరులు 'నార్తరన్ లైట్స్'నే యెన్నుకొనిరి. మతస్థులందరును ఒక్క త్రోవను పోలేదు. అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్పైన రోవన్ విలియమ్స్ 2004లో లండను నేషనల్ థియేటరునందు గ్రంథకర్తతో సగౌరవముగ బహిరంగ సంభాషణము జరిపెను.

మరునాడు పిట్ రివర్స్ వస్తుప్రదర్శనశాల జూచితిమి. ఇది 1884లో స్థాపింపబడినది. అచ్చట వస్తువులను దేశముల వరుసను గాక పనుల వరుసను పేర్చినారు. అన్ని దేశముల వేణువు లొకచోట, అన్ని దేశముల దీపము లొకచోట. రెండవ సంపుటములో లైరా రంధ్రములుగల పుఱ్ఱెలను చూచునది ఈ శాలలోనే. పాఠకులు వానికై వెదకుచు వత్తురు. కాని 2020లో ఆ సంస్థవారు మానవదేహావశేషములను ప్రదర్శననుండి తొలగించిరి. మా యమ్మాయి చిన్నబుచ్చుకొనెను. ఎవరి తల్లియో తండ్రియో ఆ యద్దపు పెట్టెలో నుండుట తగునా యని మావారడుగగా మారు పలుకలేదు. నాగాల వస్తువులు ఆ శాలలో చాల గలవు. మన దేశపు కొండలనుండి అవి వచ్చిన త్రోవను తలచుకొని మేమును కొంతసేపు మౌనముగ నుంటిమి.

ఆ సాయంకాలము హెడింగ్టన్ క్వారీ యను పేటలోని హోలీ ట్రినిటీ చర్చికి బోతిమి. 'నార్నియా' కథలు ఏడింటిని 1950 మొదలు 1956 వరకు ప్రకటించిన సి. ఎస్. లూయిస్, 1963లో మరణించి, ఆ యావరణలో సమాధియందున్నాడు. చర్చి గవాక్షమొకదానిలో నార్నియా జంతువులు అద్దముపై చిత్రింపబడియున్నవి. లూయిస్ కథలు క్రైస్తవభక్తితో నిండినవి. పుల్‌మన్ వానిని తీవ్రముగ విమర్శించెను. ఒకే యూరిలో రెండు కథాలోకములు ఎదురెదురుగ నిలిచినవి. అచ్చట పూవులు సర్దుచున్న యొక వృద్ధురాలిని ఏది మేలని యడిగితిమి. "నా పిల్లలకు రెండును చదివి వినిపించితిని. లూయిస్ వారిని నిద్రపుచ్చెను, పుల్‌మన్ మేల్కొలిపెను. పిల్లలకు రెండును కావలయును గదా" యనెను.

మూడవనాటి రాత్రికి మా చదువు ముగిసినది. నాలుగవనాడు తోటకు బోతిమి. చెర్వెల్ నది యొడ్డున, మాగ్డలెన్ వంతెన చెంత నున్న ఆ వృక్షోద్యానము 1621లో ఔషధుల కొరకు వేయబడినది. బ్రిటనులోని వృక్షోద్యానములలో నిదియే పురాతనము. ఎత్తైన రాతిగోడల నడుమ మడులు, ప్రతి మొక్కకు పేరు వ్రాసిన పలక. మా యమ్మాయికి కథాంతము ముందుగ తెలియరాదని, మావారు దానిని కలువలు పెంచు గాజుటిండ్లు చూపుటకై గొనిపోయిరి. మేమును ఆడపడుచును గోడ దాటి, వెనుకతోటలోని బెంచీకడకు బోతిమి. దాని వెనుక 2019లో నిలిపిన లోహశిల్పము గలదు: లైరా ప్రాణమైన పైన్ మార్టెన్ అను చిన్న మృగము, విల్ అను బాలుని ప్రాణమైన పిల్లి. కొయ్యపై నెక్కడ చూచినను లైరా, విల్ అను పేర్లే.

ఈ బెంచీ మహిమ యిది. వేరువేరు లోకములకు చెందిన ఆ యిద్దరికిని ప్రేమ కుదురును. కాని లోకముల నడుమ తెరచిన ప్రతి కిటికీనుండియు జీవచైతన్యము కారిపోవుచుండును గనుక అన్నిటిని మూయవలెను. ఒక్కటి మాత్రము తెరచియుంచవచ్చును. ఆ యొక్కదానిని వారు తమకై యుంచుకొనక, మృతుల లోకమున చిక్కియున్న ప్రాణులు వెలుపలికి వచ్చుటకై విడిచి, తా మెడబాయుదురు. ఏటేట వేసవి నడిమి దినమున, మధ్యాహ్నము, ఎవరి లోకములో వారు ఇదే బెంచీపై ఒక గంట కూర్చుండవలెనని వారి యొడంబడిక.

మేము పోవుసరికి ఇద్దరు కళాశాల బాలికలు అచ్చట నుండిరి. ఒకతె, "ఈ ముగింపును నేను క్షమింపజాలను. పిల్లలచే ఇంత త్యాగము చేయించి పెద్దలు మెచ్చుకొనుట అన్యాయము" అనెను. రెండవది, "వారు కలిసియుండిన యెడల ఈ బెంచీకి నీవు వత్తువా?" యనెను. మొదటిది బదులు చెప్పక చెక్కిన పేర్లను వ్రేలితో తడవుచుండెను.

వారు పోయిన పిదప మా ఆడపడుచు పలికిన పలుకులు మరువరానివి. ఆమె నర్సు. 2021లో మా అత్తగారు కరోనాచే గతించిరి. ఆ యేప్రిల్ 23 నుండి బ్రిటను ప్రభుత్వము మన దేశమును నిషేధపు పట్టికలో చేర్చియుండెను. రాకపోకలు కష్టమై, ఆమె తల్లి యంత్యక్రియలను చేతిఫోనులో చూచినది. "వదినా, ఈ పుస్తకము ఆ యేడే చదివితిని. చచ్చినవారికై కిటికీ విడిచిన చోట పుస్తకము మూసి రెండు దినములు తెరువలేదు. అమ్మ ఎక్కడను చిక్కువడక గాలిలో, చెట్లలో కలిసియుండునని యనుకొంటిని. అది మన శాస్త్రమునకు సరిపడునో లేదో నాకు తెలియదు. నాన్నగారితో ఈ మాట అనలేకపోతిని" అనెను. మేమేమియు పలుకక ఆమె చేయి పట్టుకొని కొంతసేపు కూర్చుంటిమి.

సోదరీమణులారా! ఇక మా యభిప్రాయము. ఈ గ్రంథములు నిర్దోషములు గావు. మూడవది విస్తరమెక్కువై, కథ చెప్పవలసినచోట ఉపన్యాసము చెప్పును. చిన్నపిల్లల చావులు గలవు. పండ్రెండేండ్లలోపు వారికి ఒంటరిగ నీయరాదు. కాని మతవిచారణ యున్నదని దాచుట మనకు తగదు. శ్రీరాముని యెదుట జాబాలి పలికిన నాస్తికవాదమును వాల్మీకి తన కావ్యమునుండి తీసివేయలేదు. రాముని సమాధానమును గూడ వ్రాసెను. నచికేతుడు యమునే ప్రశ్నించెను. ముగింపునుగూర్చిన తగవును మనకు క్రొత్తది గాదు. ఆదికావ్యమున సీత భూమిలోనికి పోవును. భవభూతి దాని కోర్వలేక, ఉత్తరరామచరితమున దంపతులను మరల కలిపెను. ఆ కవియు మొదట మనవంటి పాఠకుడే గదా!

తిరుగుప్రయాణమున విమానములో పుస్తకమును అమ్మాయి చేతికిచ్చితిమి. ఇల్లు చేరిన పిమ్మట అది సాయంకాలములందు తాతగారికి కథనంతయు తెలుగున చెప్పినది. వృద్ధదేవత నశించు ఘట్టమున మేము వంటయింటినుండి చెవి యొగ్గితిమి. మామగారు కొంత తడవాలోచించి, "వాడు సృష్టికర్త గాడు, సృష్టికర్తనని చెప్పుకొన్నవాడు. మన హిరణ్యకశిపుడును తానే సర్వేశ్వరుడననెను. అయినను ఇంత పెద్ద పుస్తకమేల?" అనిరి. కిటికీ ఘట్టము రాగా ఆపి, "ఇది నీవు చెప్పవలదు" అనిరి. మా ఆడపడుచు ఫోను చేయు ఆదివారమున తామే ఫోను చేతబట్టుకొని, "అమ్మా, ఆ కిటికీ కథ యేదో నీవే చెప్పు" మనిరి. తండ్రీకూతుండ్రు గంటకు పైగ మాటాడుకొనిరి. మేము తలుపు దగ్గరగ వేసితిమి.

లైరా కథను గ్రంథకర్త మరి మూడు సంపుటములుగ ఆరంభించి, కడపటిదైన 'ది రోజ్ ఫీల్డ్'ను 2025 అక్టోబరులో ప్రకటించెను. మా యింట దానిని మొదట నెవరు చదువవలెనను తగవు ఇప్పుడే మొదలైనది. ఈ కథలను చదివిన సోదరీమణులు, లైరా విల్ లెడబాయుట న్యాయమో కాదో తమ యభిప్రాయములను వ్రాసి పంపుదురుగాక. మా యమ్మాయి మాత్రము న్యాయము గాదనియే యింకను వాదించుచున్నది.