బేడ, పావలా, ఆరణాలు

పిల్లల లెక్కలు దిద్దుటకు కూర్చున్న పెద్దలకు తప్పులు కనబడినంత సులభముగా ఆ తప్పుల వెనుకనున్న ఆలోచన కనబడదు. ఈ సంగతి నాకు మొన్న మా మనుమరాలి వలన తెలిసినది.

ఆ పిల్ల ఆరవ తరగతి చదువుచున్నది. ఒకనాటి సాయంకాలము లెక్కల పుస్తకము తెచ్చి నా బల్లమీద పెట్టి, "సరిగా ఉందేమో చూడు తాతయ్యా" అన్నది. నేను అప్పుడొక హిందీ కథను తెనిగించుచున్నాను. చేతిలోని కలము క్రింద పెట్టకయే అటు చూచినాను. 1/8, 1/4, 3/8, 1/2 అని నాలుగు భిన్నములు వరుసగా నున్నవి. వాని తరువాత రావలసిన రెండింటిని పూరింపవలెను. పిల్ల 5/8, 1 అని వ్రాసినది. నేను ఆ 1ని సిరాతో కొట్టివేసి, ప్రక్కన 3/4 అని వేసి, "ప్రతిసారీ 1/8 చొప్పున పెరుగుతున్నది, కనబడలేదా? చూడకుండా రాశావు" అని కసరినాను.

పిల్ల మారుమాటాడక పుస్తకము తీసికొని వెళ్ళినది. రాత్రి భోజనమునకు పిలిచినను రాలేదు. వాళ్ళ అమ్మమ్మ వెళ్ళి బుజ్జగింపగా, "నేను చూడకుండా రాయలేదు" అని ఒక్క మాట మాత్రము చెప్పినదట.

ఆ మాట నన్ను గుచ్చినది. వెళ్ళి ప్రక్కన కూర్చుండి, "ఎట్లా రాశావో చెప్పమ్మా" అని అడిగినాను. కొంతసేపటికి చెప్పినది: "ఒకటి విడిచి ఒకటి చూడు. 1/8, 3/8, తరవాత 5/8. మధ్యలోవి పావు, అర. పావుకు రెట్టింపు అర. అరకు రెట్టింపు ఒకటి."

నేను నిరుత్తరుడనైనాను. నాకొక వరుస కనబడినచోట పిల్ల రెండు వరుసలు చూచినది. హారములు 8, 4, 8, 2 అని ఎగుడుదిగుడుగా నున్నప్పుడు అట్లు చూచుటయే సహజము. ఇచ్చిన నాలుగు భిన్నములలో ఆమె మాటను కాదనుటకు ఆధారము లేదు. పుస్తకము కోరినది వేరొకటి, అంతే.

ఆ వేరొకదానిని ఎట్లు చూపుట? నాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చినారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చువరకు రూపాయికి 16 అణాలు. ఆ తరువాత కూడ ఆయన చాలకాలము అణాలలోనే లెక్క చెప్పెడివారు. ఈ మాట చెప్పగానే, "పదహారణాల తెలుగమ్మాయి అంటారే, ఆ అణాలేనా?" అని పిల్ల నవ్వినది. ఆ అణాలే. రూపాయిలో 1/8 రెండణాలు, అది బేడ. 1/4 నాలుగణాలు, అది పావలా. 3/8 ఆరణాలు. 1/2 ఎనిమిదణాలు, అది అర్ధరూపాయి. కాగితముపై 2, 4, 6, 8 అని వేసినానో లేదో, "10, 12" అన్నది పిల్ల. పండ్రెండణాలనగా రూపాయిలో ముప్పాతిక, 3/4. అన్నిటికిని 16ను హారముగా పెట్టి తానే తిరిగి వ్రాసికొన్నది. వ్రాసికొని, "మా టీచరు ఎప్పుడూ సూక్ష్మీకరించమంటారు. సూక్ష్మీకరించడం వల్లనే కదా ఇది కనబడకుండా పోయింది?" అని అడిగినది.

ఆ ప్రశ్నతో నేను నా బల్లయొద్దకు తిరిగివచ్చినాను. నేను తెనిగించుచున్న కథలో ఒక ముసలమ్మ తన కొంగుముడి విప్పి నాణెములను లెక్కపెట్టుకొనును: దుఅన్నీ, చవన్నీ, అఠన్నీ. హిందీలో ఆ పేర్లలోనే రెండు, నాలుగు, ఎనిమిది వినబడును. నేను బేడ, పావలా, అర్ధరూపాయి అని వ్రాసియుంటిని. విలువలో దమ్మిడీ తేడా లేదు. మూడును చక్కని తెలుగు మాటలే. కాని ఒకదానికొకటి చుట్టరికము లేని మాటలు. ముసలమ్మ గుండెలో అంతకంతకు రెట్టించిన ఆశ వానిలో వినబడదు. మాటకు మాట సూక్ష్మీకరించి, వరుసను పోగొట్టినాను. బేడ అను మాటను విడుచుట కష్టముగనే తోచినది. అయినను కొట్టివేసి, రెండణాల బిళ్ళ, నాలుగణాల బిళ్ళ, ఎనిమిదణాల బిళ్ళ అని దిద్దినాను.

దిద్దునప్పుడు మరియొకటి స్ఫురించినది. ఎనిమిదణాల బిళ్ళ తరువాతి నాణెమేది? రూపాయి. ఆరణాలకు, పదణాలకు వేరు బిళ్ళలు లేవు. 1/8, 1/4, 1/2, 1. టంకశాలవారు నాణెములకు ఎన్నుకొన్నది పిల్ల చూచిన వరుసయే! ఆ వరుసలో నేను కొట్టివేసిన 1 ఒప్పు.

మరునాటి ఉదయము ఈ సంగతి చెప్పినాను. పిల్ల గర్వపడలేదు; "అయితే టీచరుకు రెండూ చెప్తాను" అన్నది. లెక్క క్రింద పదహారు హారముతో ఒక వరుస, దాని క్రింద రెట్టింపుల వరుస వ్రాసికొన్నది. నేను గీచిన గీతను చెరిపివేయవలెనని రబ్బరుతో రుద్ది చూచినాను. సిరా గీత కావున పోలేదు.